తొమ్మిదో పాటకు సంతకం

పోయిన వారం ముకుందన్‌ని నటేశన్ నగర్‌లో వాళ్ళింటి వరండాలో, ఒక చేతిలో కొరియర్ కవరు, ఇంకో చేతిలో బండి తాళం పట్టుకుని, చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా పాపం అక్కడే ఉన్నాడు. మే నెల ఎండ. ముందు అతన్ని లోపలికి పంపిద్దాం, మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

కవరులో ఉన్నది ఒకే ఒక్క కాగితం. బొంబాయి కంపెనీ పంపింది. 'హాఫ్ షట్టర్' అనే ముగ్గురు మనుషుల రాక్ బ్యాండు 'వన్ టు ఫోర్' అనే తమ మొదటి ఆల్బమ్‌ని మూడు వందల సీడీలు సొంతంగా వేసుకుంది. వాటిలో రెండు వందల ఎనభై ఇంకా ముకుందన్ మంచం కిందే ఉన్నాయి. మిగిలిన వాటిలో ఒకటి ఎలాగో బొంబాయిలో ఒక ఇంగ్లీషు సంగీత పత్రిక బల్ల మీదికి చేరింది. పత్రిక వాళ్ళు ఐదుకి నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చారు. 'మన దేశపు రాక్ సంగీతంలో పోస్ట్-పంక్ రివైవల్ ఇవాళ పుట్టింది' అని రాశారు. ఆ మాట చదివి ముకుందన్ తండ్రి విజయరంగన్ ఒకే ప్రశ్న అడిగాడు. "రివైవల్ అంటే చచ్చినదాన్ని లేపేది కదరా. అది చచ్చిపోయింది ఎప్పుడు?" ఆ తేదీ ఎవరికీ తెలియదు.

నక్షత్రాలు వచ్చాక కూడా ముకుందన్ బాత్‌రూము ఫిట్టింగుల షోరూములో కొళాయిలు అమ్ముతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళు కొళాయి తిప్పి చూస్తారు, నీళ్ళు రాలేదంటారు. షోరూములో కొళాయికి నీళ్ళుండవని రోజుకి నలభై సార్లు చెప్తాడు. విమర్శకుడు అతని గొంతుని 'ఆశలన్నీ ఆరిపోయిన, దేనికీ ఆశ్చర్యపోని గొంతు' అని మెచ్చుకున్నాడు. అది షోరూములో తయారైన గొంతని అతనికి తెలియదు.

ఇప్పుడు బొంబాయి కంపెనీ ఆ ఆల్బమ్‌ని దేశమంతా విడుదల చేస్తానంటోంది. షరతు ఒకటే. సీడీలో ఎవరి శబ్దం వినబడితే వాళ్ళంతా సంతకం చెయ్యాలి. పాడి, బేస్ గిటార్ వాయించిన ముకుందన్ చేశాడు. డ్రమ్ములు కొట్టిన కవిప్రియ చేసింది. గిటార్ కార్తికేయన్ చేసి, ఎవరూ అడక్కపోయినా పక్కన ఇంటి అడ్రసు కూడా రాశాడు. మిగిలింది నాలుగో మనిషి. తను బ్యాండులో ఉన్నానన్న సంగతి ఆ మనిషికి తెలియదు.

ఇదెలా జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. పుదుచ్చేరిలో మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్లు మూస్తారు, నాలుగింటికి తెరుస్తారు. ఆ మూడు గంటలూ ఊరు పడుకుంటుంది. ముకుందన్ షోరూము, కవిప్రియ పనిచేసే స్టేషనరీ కొట్టు, కార్తికేయన్ కళ్ళద్దాల కొట్టు మూడూ అప్పుడే మూస్తారు. కాబట్టి వీళ్ళు రాక్ సంగీతం వాయించగలిగింది ఊరు పడుకున్నప్పుడే. వాయించిన చోటు విజయరంగన్ పడుకునే గదికి పక్కనున్న పాత పేపర్ల గది. రెండు గదులకీ మధ్య గోడలో పైన ఒక వెంటిలేటర్ ఉంది, దానికి అద్దం లేదు. 1988లో పగిలింది. కొత్తది వేయించాలని విజయరంగన్ ప్రతి ఏడూ అనుకుంటాడు.

ఆయన నిద్ర లేవకూడదు. అందుకని కవిప్రియ డ్రమ్ముల మీద ముకుందన్ తల్లి భాగ్యం పాత నూలు చీరలు కప్పింది. కార్తికేయన్ తీగల మీద అరచెయ్యి అదిమిపెట్టే వాయించాడు. ముకుందన్ రేషను షాపు వరసలో పక్కవాడితో గొణిగినట్టు పాడాడు. 'ఆవేశాన్ని గొంతు నులిమి పట్టుకున్న ఈ నిగ్రహం ఎక్కడిది?' అని విమర్శకుడు అడిగాడు. నటేశన్ నగర్, మూడో అడ్డవీధి అని చెప్పాల్సింది.

తొమ్మిదో పాట తొమ్మిది నిమిషాలు. అందులో బేస్ కింద ఒక శబ్దం ఉంది. బరువైన బల్లని నేల మీద లాగినట్టు మొదలై, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ ఆగిన చోట వినేవాడి ఊపిరి కూడా ఆగుతుంది. తర్వాత సన్నటి ఈల వేసి వదిలేస్తుంది. 'మూతబడ్డ మిల్లు చివరి శ్వాస' అని విమర్శకుడు రాశాడు. అదేం యంత్రమని కంపెనీ వాళ్ళు ఈమెయిల్లో అడిగారు. నిజాయితీపరుడైన కార్తికేయన్, 'ముకుందన్ వాళ్ళ నాన్న' అని జవాబిచ్చాడు.

ఇక ముకుందన్ చెప్పులు విప్పొచ్చు.

లోపల టైము ఒంటిగంటకి పది తక్కువ, ఇవాళ షోరూములో చెప్పి ముందే వచ్చేశాడు. విజయరంగన్ మజ్జిగన్నం దగ్గరున్నాడు. ఒంటిగంటా పదికి ఆయన గదిలోకి వెళ్తాడు, నాలుగింటికి బయటికొస్తాడు. కొరియర్ కొట్టు కూడా నాలుగింటికే తెరుస్తుంది. నాలుగుంబావుకి బొంబాయి సంచీ కట్టేస్తారు, ఆ పావుగంటలో సంతకం చేయించి అక్కడికి చేరడం కుదిరే పని కాదు. రేపటికల్లా కాగితం అందకపోతే తొమ్మిదో పాట తీసేసి ఆల్బమ్ వేస్తామని కంపెనీ చెప్పింది. తొమ్మిదో పాట తీసేస్తే మిగిలేది ఎనిమిది పాటల గొణుగుడు. విజయరంగన్‌ని మధ్యలో లేపడమన్నది ఆ ఇంటి చరిత్రలో లేదు. అంటే చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు.

కవిప్రియ కూడా కొట్టులో చెప్పి ముందే వచ్చి, అప్పటికే హాల్లో కూర్చుని ఉంది. సముద్రం ఒడ్డున వైతికుప్పం అమ్మాయి, ఇంట్లో తమిళం. ఈ ఇంట్లో మూడేళ్ళు డ్రమ్ములు కొట్టి తెలుగు నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగు అచ్చం భాగ్యం తెలుగులాగే ఉంటుంది, కాస్త గట్టిగా.

"ఏంరా, ఈ పొద్దు ఎన్ని కొళాయిలు పోయినాయి?" అన్నాడు విజయరంగన్ చెయ్యి కడుక్కుంటూ.

"రెండు నైనా. ఒక సంతకం కావాల."

సంతకం అనే మాట వినగానే విజయరంగన్ వెన్ను నిటారైంది. ముప్పై మూడేళ్ళు సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ సంతకం అడగలేదు. పాలవాడు కూడా అడగడు. ఆయన వాలుకుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తుడిచి, జేబులోంచి ఎర్ర బాల్ పెన్ను తీశాడు. కాగితం పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు.

"'హియర్‌బై' రెండు తూర్లు వచ్చింది. ఎవుర్రా డ్రాఫ్టు చేసింది?"

"బొంబాయి లాయరు నైనా."

"లాయరా?" ఒక హియర్‌బైని కొట్టేశాడు. "కామా లేదు. ఈడ ఫుల్‌స్టాపు లేదు. నా కాడికి ఇట్లాంటి కాగితం వస్తే తిరిగి పంపించేవాణ్ణి."

"తిప్పి పంపేదానికి టైము లేదు అంకిల్," అంది కవిప్రియ. "సంతకం పెట్టేసి మీరు పోయి పండుకోండి."

"పండుకునేదా? నేను మద్యాన్నం పండుకోను పాపా. కండ్లు మూసుకోని ఉంటా. ఆలోచన చేస్తా ఉంటా."

ఆ ఇంట్లో ఈ వాక్యం గోడ మీద క్యాలెండరు లాంటిది. ఉందని అందరికీ తెలుసు, ఎవరూ చూడరు.

విజయరంగన్ వేలు మూడో పేరా దగ్గర ఆగింది. "ఇదేంది? తొమ్మిదో పాటలో వినబడే గుర్రు నాది అని దీని మూలంగా ఒప్పుకుంటా ఉండాను... నాది అంటే?"

"మీది నైనా."

"నాకు గుర్రు యాడిదిరా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ గిన్నెలు కడుగుతున్నది భాగ్యం. ఆమె గురించి ఇంతవరకూ ఎక్కువ చెప్పలేదు. ఆమె గురించి ఎక్కువ చెప్పకపోవడం ఆ ఇంట్లో అలవాటు, మనకీ అంటుకుంది. 1975లో పెళ్ళయిన రెండు నెలలకి కడలూరులో ఆమె పెద్దన్న పెళ్ళి జరిగింది. మండపంలో చాపలు పరిచి అందరూ వరసగా పడుకున్నారు. తెల్లారి కాఫీల దగ్గర ఒక మామ, "రేత్రంతా మిల్లు తిప్పింది ఎవరప్పా?" అని అడిగాడు. కొత్తల్లుడు విజయరంగన్ లోటా కింద పెట్టకుండానే, "భాగ్యమే. ఏం చేసేది, నాకు అలవాటైపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. కొత్త పెళ్ళికూతురు కాబట్టి భాగ్యం కూడా నవ్వింది.

ఆ నవ్వు ఖరీదు ముప్పై ఒక్క ఏళ్ళు. అన్నదమ్ముల పిల్లలకి ఆమె మిల్లత్త. అప్పట్నుంచీ ఏ చుట్టాలింట్లోనూ ఆమె నిద్రపోలేదు. పెళ్ళికి వెళ్తే ముహూర్తం కాగానే ఆఖరి బస్సుకి వచ్చేస్తుంది. వాళ్ళమ్మ పోయినప్పుడు పదకొండు రోజులు కడలూరులో ఉండాల్సి వచ్చింది. పదకొండు రాత్రులూ గోడకి ఆనుకుని కూర్చుంది. తల్లి మీద ఎంత ప్రేమో అని అందరూ అనుకున్నారు. ప్రేమ కూడా ఉంది.

ఆ సంగతి ముకుందన్‌కి సగం తెలుసు. మిగతా సగం అడగలేదు. మగపిల్లలు ఇలాంటివి అడగరు, బ్యాండు పెట్టుకుంటారు.

"సాక్షి సంతకం ఒకటి కావాలంటే వీర్రాజుగారిని పిలిచినా," అన్నాడు ముకుందన్. "ఆయన్నే అడుగుదాం నైనా."

వీర్రాజు మేడ మీద అద్దెకుండే గవర్నమెంటు ఉద్యోగి, సొంతూరు యానాం. భోజనానికి ఇంటికొచ్చినవాడు, లుంగీ మీద చొక్కా వేసుకుని దిగివచ్చాడు. సాక్షి సంతకమంటే జేబులో పెన్నుండాలని చొక్కా వేసుకున్నాడు.

"రాండి వీర్రాజుగారూ," అన్నాడు విజయరంగన్. "మీరు నిజం చెప్పండి. మద్యాన్నాల పూట మీకు మేడ మీద ఏమన్నా వినబడతాదా?"

వీర్రాజు ముకుందన్ వంక చూశాడు, విజయరంగన్ వంక చూశాడు. అద్దె అగ్రిమెంటు వచ్చే నెలలో రెన్యూ చెయ్యాలి.

"వినబడుద్దండి. అంటే, ఏదో వినబడుద్దండి. మోటారనుకుంటానండి."

"మద్యాన్నం మోటారు ఎవురేస్తారు?"

"నేనూ అదే అనుకునేవోణ్ణండి. ఈ టయాంలో మోటారెవరేస్తారా అని."

"మోటారుకి ఈల వస్తాదా అంకిల్?" అంది కవిప్రియ.

"కొన్నిటికి వచ్చుద్దండి. బేరింగు పోతేనండి."

ఒంటిగంట కొట్టింది. కవిప్రియ ఇంక ఆగలేదు. లేచి సీడీ ప్లేయర్లో తొమ్మిదో పాట పెట్టింది.

మొదట బేస్ ఒక్కటే. విజయరంగన్ దాన్ని ఓపిగ్గా భరించాడు. నాలుగో నిమిషంలో బల్ల లాగిన శబ్దం మొదలైంది. ఆగింది. ఆ ఆగినచోట కవిప్రియ డ్రమ్ము ఒక్క దెబ్బ. తర్వాత ఈల. మళ్ళీ బల్ల, మళ్ళీ ఆగడం, మళ్ళీ దెబ్బ. ఒక్కసారి కూడా తాళం తప్పలేదు.

"నేను మీతోనే కొట్టినా అంకిల్," అంది కవిప్రియ నెమ్మదిగా. "టెంపో చెప్పేదానికి మెషీను ఉంటాది, మాకాడ అది లేదు. మీరు ఉండారు. వాయించేటప్పుడు కార్తి పరిగెత్తుతాడు, ముకుందు వెనకబడతాడు. మీరు తప్పరు. రొంబ కరెక్టు."

ఇది పొగడ్త. విజయరంగన్ మొహంలో అది కాసేపు తిరిగింది, ఎక్కడ కూర్చోవాలో తెలియని చుట్టంలాగా. ఆ శబ్దం ఆయనదేనని ఆయన చెవికి తెలిసింది. చెవి నుంచి నోటిదాకా రావడానికి మాత్రం మధ్యలో కడలూరు మండపం అడ్డుంది.

ఐదో నిమిషం దగ్గర కవిప్రియ పాట ఆపేసింది. ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ అమ్మది," అన్నాడు.

"నైనా!"

"గమ్మునుండు. ముప్పై ఏండ్లు పక్కన పండుకున్నోణ్ణి, నాకు తెలీదా?"

వంటింటి గుమ్మంలో భాగ్యం నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి, అయినా తుడుచుకుంటోంది.

"అవును," అంది. "నాదే. ఇటియ్యి."

"అమ్మా, నీది కాదని నీకు తెలుసు కదా," అన్నాడు ముకుందన్.

"నీకెట్లా తెలుసు? మీ నైన చెప్తా ఉండాడు. మా అన్నదమ్ములు చెప్తా ఉండారు. కడలూరులో చిన్నబిడ్డలు గూడా చెప్తారు. నేను ఒకదాన్ని కాదంటే అయిపోతుందా?" ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ హాల్లో ఆమె కుర్చీలో కూర్చోవడం కవిప్రియ మూడేళ్ళలో మొదటిసారి చూసింది. "పేపర్లో ఏం రాసినారో అది చదువు పాపా. తెలుగులో చెప్పు."

కవిప్రియ పత్రిక కటింగు తీసింది. "అంటే ఆంటీ... ఈ ఊపిరిలో అబద్ధం లేదంట. ఇండియాలో ఇంత నిజమైన శబ్దం ఇంకొకటి రికార్డు కాలేదంట. కొత్త సీడీ మీద పేరు గూడా వేస్తారంట. పాడినోళ్ళ పేర్ల కిందనే."

విజయరంగన్ కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏ పేరు ఏస్తారు?" అంది భాగ్యం.

"సంతకం పెట్టినవాళ్ళది."

"ముకుందు వాళ్ళమ్మ అని ఏయొద్దు. భాగ్యం అని ఏయమను."

"భాగ్యం," అన్నాడు విజయరంగన్. పిలిచాడో, పేరు చదివాడో తెలియలేదు.

ఆమె ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఆ గొంతులో కోపం వెతికినా దొరకదు, అలసట మాత్రం అడక్కుండానే దొరుకుతుంది.

"మీరు నిద్దట్లో చేసినారు. నేను మేలుకోని చేసినా. ముప్పై ఒక్క ఏండ్లు, ఒక దినం లీవు లేకుండా. ఎవరికి కష్టం? దానికి ఒక పేరు ఏసేదైతే, నా పేరే ఉండనీ."

దీనికి ఫైలు మీద నోటింగు రాయడం ఏ సూపరింటెండెంటు వల్లా కాదు. విజయరంగన్ ఎర్ర పెన్ను మూత పెట్టాడు.

భాగ్యం వీర్రాజు దగ్గర నీలం పెన్ను అడిగి తీసుకుంది. బళ్ళో నేర్చుకున్న తమిళంలో సంతకం చేసింది. ఒక్కో అక్షరానికి ఊపిరి తీసుకుంటూ, ఎక్కడా ఆగకుండా. ఆ ఇంట్లో రేషను కార్డు మీద తప్ప ఆమె పేరున్న కాగితం ఇంకోటి లేదు. కాగితం వీర్రాజు ముందుకి జరిపింది.

వీర్రాజు దాన్ని పాముని చూసినట్టు చూశాడు. "మరి... నేను గవర్నమెంటు ఉద్యోగినండి. సాక్షి అంటే, కళ్ళారా చూసుండాలండి."

"సంతకం పెట్టేది చూసినారు కదా," అంది భాగ్యం.

"అది చూశానండి."

"అది చాలు."

వీర్రాజు సంతకం చేసి, అన్నం చల్లారిపోతుందని చెప్పి మేడెక్కేశాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం వినబడింది.

ఒంటిగంటా పది. విజయరంగన్ లేచి, ఎవరి వంకా చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకున్నాడు. ఏం జరిగినా టైము తప్పని మనిషి.

సరిగ్గా అప్పుడే ముకుందన్ సెల్‌ఫోను మోగింది. బొంబాయి కంపెనీ నుంచి సుష్మిత. కంపెనీలో వీళ్ళతో మాట్లాడే పని ఆమెది. ప్రతి వాక్యం చివరా 'సూపర్' అంటుంది. సంతకం అయిందని విని సూపర్ అంది. ఆ శబ్దం చేసింది నాన్న కాదు, అమ్మ అని విని రెండు సార్లు సూపర్ అంది. తర్వాత ఒక సంగతి చెప్పింది. ముకుందన్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, జూన్ పదో తారీకు ఈడనే బీచ్ కాడ హాల్లో రిలీజు చేస్తారంట. బొంబాయి నుంచి పేపరోళ్ళు వస్తారంట. తొమ్మిదో పాట లైవుగా కావాలంట. రికార్డు ఏసి మోసం చేయకూడదంట. స్టేజీ మీద మంచం ఏస్తారంట, ఆ మనిషి వచ్చి..."

"వస్తానని చెప్పు."

"వచ్చి?"

"వచ్చి పండుకుంటా."

"నీకు గుర్రు రాదు కదమ్మా!"

"రాదు," అంది భాగ్యం. "అందరి ముందర రాదు. చూడనీ. కడలూరుకి ఫోన్ చేసి మా అన్నదమ్ములకి చెప్పు, పిల్లోళ్ళని గూడా పిలుచుకోని రమ్మను. ముందు వరసలో సీట్లు పెట్టు."

ముకుందన్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. కవిప్రియకి ముందే అర్థమైంది. ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకున్నాయి. తొమ్మిది నిమిషాల పాట. లైట్ల కింద ఒక మంచం. దాని మీద ఒక మనిషి హాయిగా, చప్పుడు లేకుండా పడుకుని ఉంటుంది. డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోట కొట్టడానికి ఏమీ ఉండదు. బొంబాయి పేపర్లు నాలుగున్నర నక్షత్రాలూ వెనక్కి తీసుకుంటాయి. ముందు వరసలో కడలూరు మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళకి మొదటిసారి ఒక సంగతి తెలుసుకుంటుంది.

"అమ్మా, బ్యాండు పోతుంది," అన్నాడు ముకుందన్.

"తెలుసు నాయనా." ఆ మాట నిజంగానే బాధతో అంది. "నీ కొళాయిల పని ఉండాది కదా."

ఫోనులో సుష్మిత హలో హలో అంటోంది. ముకుందన్ "ఓకే" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు. ఫోను పెట్టేశాడు.

సంతకం చేసిన కాగితం బల్ల మీద ఉంది. అది కవరులో పెట్టి అంటిస్తే తల్లి పేరు సీడీకెక్కుతుంది, జూన్ పదిన బ్యాండు మునుగుతుంది. అంటించకపోతే తొమ్మిదో పాటే ఉండదు. కవిప్రియ కవరు తీసింది, జిగురు తీసింది, రెండూ పక్క పక్కన పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు ముగ్గురూ ఒకేసారి ఒకటి గమనించారు. ఒంటిగంటా ఇరవై అయింది. ఈపాటికి బల్ల లాగడం మొదలవ్వాలి. కవిప్రియ అలవాటుగా తొడ మీద వేళ్ళతో తాళం వేసింది. నాలుగు లెక్కపెట్టింది. ఎనిమిది. పదహారు. తలుపు వెనక నుంచి ఏమీ రాలేదు. మేడ మీద వీర్రాజు కూడా అన్నం నమలడం ఆపినట్టుంది.

ఒంటిగంటా పాతిక. ఊరంతా పడుకుంది. కొట్లన్నీ మూసి ఉన్నాయి. నటేశన్ నగర్‌లో ఆ టైములో మేలుకుని ఉన్నవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఒకడు పడుకుని ఉన్నాడు.

మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. విజయరంగన్ గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీద దుప్పటి, చంకలో దిండు. ఆ దిండు లేకుండా ఆయన ఎక్కడా పడుకోడు, కడలూరుకి కూడా దాన్ని తీసుకునే వెళ్ళాడు.

"ముకుందా," అన్నాడు నేల వంక చూస్తూ. "ఆ స్టేజీ మీద మంచం యాడ ఏస్తారంట? ఫ్యాను కిందనా?"

ముకుందన్ నోరు తెరవబోయాడు. భాగ్యం చెయ్యెత్తి ఆపింది. నీలం పెన్ను ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

"ఎవరికి?" అంది.

విజయరంగన్ భార్య వైపు చూశాడు. కొడుకు వైపు, కాగితం వైపు, అంటించని కవరు వైపు చూశాడు. దిండుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ నోరు తెరుచుకుని నిజం చెప్పింది నిద్రలోనే.

ఇప్పుడు, మెలకువలో, తెరుచుకుంది.